రైసు మిల్లు పక్కన పియానో

పియానో నేర్చుకుని, కచేరీలిచ్చి బతుకుదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వెంట తల్లిదండ్రులు కూడా వస్తారు. "రోజుకెన్ని గంటలు ప్రాక్టీసు చెయ్యాలి మేడమ్?" అని పిల్లలు అడుగుతారు. "దీంట్లో పేరొస్తుందాండీ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. రెండూ మంచి ప్రశ్నలే. అసలు అడగవలసిన ప్రశ్న మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. "ఆ పియానో ఎవరిదండీ?"

వీణ వాయించేవాళ్ళు వీణతో వస్తారు. వయొలిన్ వాయించేవాడు పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కుతాడు. సన్నాయి సంచిలో పడుతుంది. పియానో వాయించేవాళ్ళు మాత్రం ఒట్టి చేతులతో పరాయి ఊరు వెళ్ళి, పరాయివాళ్ళ వస్తువు ముందు కూర్చుని, దాని అలకలన్నీ అప్పటికప్పుడు కనిపెట్టి, పుట్టినప్పటినుంచీ అది తమదే అన్నట్టు వాయించాలి. పెళ్ళిచూపులూ కాపురమూ ఒకే సాయంత్రం అయిపోవాలి.

నేను ఈ పని చేసి రిటైరయ్యాను. డెబ్బయ్యవ దశకంలో కొన్నాళ్ళు పేపర్లవాళ్ళు నా పేరుకు ముందు 'సుప్రసిద్ధ' అని వేసేవారు. ఆ సుప్రసిద్ధి ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చెబుతాను. సన్మానాల సంగతి చెప్పను. శాలువాలు చాలావరకు బంధువులకు పంచేశాను, వాళ్ళు చలికాలంలో నన్ను తలుచుకుంటున్నారు.

ఫ్లారెన్సు టీచరు గారు

మా అమ్మ బెజవాడలో ఒక మిషను ఆసుపత్రిలో నర్సు. ఆమెకు సాయంత్రం డ్యూటీలుండేవి. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండకూడదని నన్ను మిషను బడి హాల్లో ఫ్లారెన్సు టీచరు గారి దగ్గర కూర్చోబెట్టేది. ఆవిడ సంగీతం టీచరు. ఖాళీగా కూర్చున్న పిల్లను చూస్తే ఆవిడకు పడదు. నా సంగీత సాధన వెనక ఉన్న దైవ సంకల్పం ఇంతే.

హాల్లో ఒక పియానో ఉండేది. వానాకాలంలో దాని మెట్లు నొక్కితే కిందికి పోయేవి గాని పైకి వచ్చేవి కావు. చెమ్మ పట్టకుండా లోపల ఒక కరెంటు బల్బు వెలిగించి ఉంచేవాళ్ళం. ఎలుకలకు నాఫ్తలీను ఉండలు. పియానో మూత తెరిస్తే బట్టల బీరువా వాసన వచ్చేది. ఇప్పటికీ నాకు ఆ వాసన తగిలితే వేళ్ళు కదులుతాయి.

టీచరు గారి పాఠం ఒకటే. నన్ను పియానో ముందు కూర్చోబెట్టి, తను హాలు ఆ చివర నిలబడి, "ఎంత మెల్లగా వాయించగలవో అంత మెల్లగా వాయించు" అనేవారు.

నేను నొక్కేదాన్ని.

"వినపడలేదు."

ఇంకొంచెం గట్టిగా నొక్కేదాన్ని.

"వినపడింది. కానీ నేనడిగింది అది కాదు. గట్టిగా వాయించటం చేతులున్న ప్రతివాళ్ళూ చేస్తారే. మెల్లగా వాయిస్తూ ఇక్కడిదాకా పంపించు. అదీ పని."

ఆ పని నాకు చేతనయ్యేసరికి ఏళ్ళు పట్టింది. ఆవిడ ఎన్నడూ 'బాగుంది' అనలేదు. అన్నిటికన్నా పెద్ద మెప్పు, "ఊఁ, తర్వాతది తియ్యి."

మద్రాసు వెళ్ళి పరీక్షలు పాసై వచ్చాను. అదే బడిలో చిన్నపిల్లలకు నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆదివారం చర్చిలో, పెళ్ళిళ్ళలో వాయించేదాన్ని. కృష్ణా జిల్లాలో మొత్తానికి నేనే పెద్ద పియానో విద్వాంసురాలిని. పోటీ లేని చోట మొదటి స్థానం సులువుగానే వస్తుంది.

ముందు చీర, తర్వాత పాట

పిచ్చయ్య గారిది పెడన. తాతల నాటి నుంచి మగ్గం నేసిన ఇల్లు. ఆయన బెజవాడ వచ్చి బట్టల కొట్టు పెట్టి, వ్యాపారం నిలదొక్కుకున్నాక ఒక సంగీత సభకు సెక్రటరీ అయ్యారు. గుణదలలో ఒక పెళ్ళికి బట్టలు ఆయన కొట్లోనే తీశారట, అందుకని పిలుపు మీద వచ్చారు. అక్కడ నేను వాయించింది విన్నారు. మర్నాడు బడికి వచ్చేశారు.

"నిన్న మీరు వాయించిన ఆ పెట్టె పేరేంటమ్మా?"

"పియానో అండీ."

"హార్మోనియానికి పెద్దన్నయ్యలాగుంది. మా సభలో పెడదాం. దసరా కచేరీలయ్యాక ఒక సాయంత్రం ఖాళీగా ఉంది. మృదంగం ఎవర్ని పిలవమంటారు?"

"మృదంగం ఉండదండీ."

"పోనీ తంబూరా?"

"అదీ ఉండదండీ."

"పాడేవాళ్ళు?"

"ఎవరూ ఉండరండీ. నేనొక్కదాన్నే."

ఆయన నన్ను కొంచెంసేపు జాలిగా చూశారు. "రెండు గంటలు, నోట మాట లేకుండా, ఒక్కరే! ధైర్యస్థులమ్మా మీరు. సరే, చీర నేను పంపిస్తాను."

"చీరెందుకండీ?"

"జనం ముందు చూస్తారు, తర్వాత వింటారు. చూసింది బాగుంటే విన్నది కూడా బాగున్నట్టే ఉంటుంది."

ఆ మాటకు అప్పుడు నొచ్చుకున్నాను. ఇప్పుడు దాన్నే నా శిష్యులకు చెబుతున్నాను. కాకపోతే ఒక సవరణతో: జరీ ఎక్కువున్న పట్టుచీర కట్టుకుని నున్నటి బల్ల మీద కూర్చుంటే జారతారు. గట్టి భాగాలు వచ్చినప్పుడల్లా నేను అంగుళం అంగుళం ఎడమవైపుకు పోయాను.

బడి పియానోను హాలుకు మోయడానికి బస్తాలెత్తే ముఠా కూలీలను పిలిపించారు. వాళ్ళ పెద్ద ఒకసారి భుజం ఆనించి చూసి, "చెక్కపెట్టె అన్నారేందండీ? ఇందులో ఇనుముంది" అన్నాడు. నిజమే, లోపలిది ఇనప చట్రమే. ఆ సభలో పియానో గురించి సరిగ్గా మాట్లాడింది అతనొక్కడే. ముఖ్య అతిథి గారు మాట్లాడుతూ ఈ వాద్యం మన పూర్వులదేననీ, ఋషులు కనిపెడితే తెల్లవాళ్ళు ఓడలో వేసుకుపోయారనీ చాలాసేపు చెప్పి, నేను కూర్చోగానే వేరే పని ఉందని వెళ్ళిపోయారు. ముఖ్య అతిథి ప్రసంగించేటప్పుడు అరచేతులు చెమటపడతాయి. రెండు జేబురుమాళ్ళు దగ్గర పెట్టుకోండి.

ఒక జర్మనీ ఆయన రాసిన పెద్ద రచనతో మొదలుపెట్టాను. అందులో మూడు భాగాలుంటాయి. ఒక్కో భాగం తర్వాత కొంచెం ఆగాలి. మొదటి భాగం అయ్యి చేతులు ఒళ్ళో పెట్టుకున్నానో లేదో, కచేరీ అయిపోయిందనుకుని పిచ్చయ్య గారు దండతో పరిగెత్తుకొచ్చారు. జనం చప్పట్లు. కాదనడానికి వీల్లేక లేచి, దండ వేయించుకుని, దండతోనే కూర్చుని రెండో భాగం మొదలుపెట్టాను. జనం ముఖాల్లో, 'ఇదేంటి, ఇంకా ఉందా?' రెండో భాగం అయ్యాక ఆయన మళ్ళీ లేచి నా వంక చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. కూర్చున్నారు. మూడోది అయ్యాక నిలువుగా ఊపాను. అప్పుడు మొదలైన చప్పట్లు నా సంగీతానికో, సెక్రటరీ గారికీ నాకూ కుదిరిన అవగాహనకో చెప్పలేను.

చివర్లో నాకొక బిరుదు ఇచ్చారు. 'పియానో శారద'. వెండి పూత పూసిన పళ్ళెం మీద చెక్కించారు కూడా.

తాళం

కచేరీకి తాళం తప్పితే ప్రమాదమంటారు. నాకు తాళం పడింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను ఆగమన్నారు. మెత్తని మనిషి. ఎవరికైనా కష్టమైన మాట చెప్పాలంటే ముందు వాళ్ళ అమ్మ ఆరోగ్యం అడిగేవారు.

"అమ్మ బాగుందామ్మా సువార్తా?"

"బాగుందండీ."

"మంచిది. ఆ శారద అంటే... సరస్వతి కదమ్మా."

"నేను పెట్టుకోలేదండీ. వాళ్ళే పెట్టారు."

"నాకు తెలుసమ్మా. నాకేం అభ్యంతరం లేదు. దేవుడికీ ఉండదనుకుంటాను. కమిటీకి ఉంది."

బడి పియానో మీద పెత్తనం ఆ చర్చి కమిటీదే. మర్నాడు వెళ్ళేసరికి పియానో మూతకు తాళం వేసి ఉంది. పిల్లలకు పాఠాలు చెప్పేటప్పుడు తీస్తారట. నా సొంత సాధనకు తియ్యరట.

వేరే రోజుల్లో అయితే ఓర్చుకునేదాన్ని. కానీ అప్పటికే మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. అక్కడి పాశ్చాత్య సంగీత సంఘమొకటి నాకు ఒక సాయంత్రం మొత్తం ఇచ్చింది. ఎండలు ముదరకముందు కచేరీ. ఫ్లారెన్సు టీచరు గారు ఎవరెవరికో చెప్పి, బతిమాలి సంపాదించిపెట్టిన అవకాశం. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి ఆవిడ. అది పాడైతే నాకు రెండోది రాదు, ఆవిడ రెండోసారి అడగరు.

ఆవిడ అప్పటికి రిటైరై గుణదలలో ఉండేవారు. వెళ్ళి తాళం సంగతి చెప్పాను.

"నేను చెప్పినా కమిటీ వినదు. వాళ్ళల్లో సగం మందికి నేనే పాఠాలు చెప్పాను. అదే చిక్కు," అన్నారు.

పిచ్చయ్య గారు మాత్రం కుమిలిపోయారు. "బిరుదు వెనక్కి తీసుకుందామంటే పళ్ళెం మీద చెక్కించేశామమ్మా," అన్నారు. ఆ తర్వాత కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళనూ చీరలు చూపిస్తూనే, "మీ ఎరికలో ఎక్కడన్నా పియానో ఉందాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. అట్లా దొరికింది పామర్రు పియానో.

పామర్రు

వీరభద్రరావు గారిది పామర్రులో రైసు మిల్లు. మిల్లు పక్కనే ఇల్లు. బందరులో ఎవరో దొరగారి బంగళా సామాను వేలం వేస్తే భోషాణం కొన్నట్టు పియానో కొనుక్కొచ్చారు. ఇంట్లో ఎవరికీ వాయించడం రాదు. దాని మీద పెళ్ళి ఫొటోలు పెట్టుకున్నారు. మద్రాసు నుంచి ఏటా వచ్చే శ్రుతి చేసే ఆయన్ను పిచ్చయ్య గారు పట్టుకొచ్చి అక్కడికి పంపించారు. బడి అయ్యాక బందరు బస్సెక్కి, చెరకు బళ్ళ వెనకాల ఆగుతూ సాగుతూ రోజూ పామర్రు వెళ్ళి, చీకటిపడే వేళకు తిరుగు బస్సెక్కేదాన్ని. గుణదల తిరునాళ్ళప్పుడైతే జనంలో బస్సు కదలక సగం సాధన రోడ్డు మీదే పోయేది.

ఆ గదిలో వీరభద్రరావు గారి తల్లి కోటమ్మ గారు పడక్కుర్చీలో ఉండేవారు. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "కిరస్తానీ వాళ్ళా?" అన్నారు.

"అవునండీ."

"సరే, కూర్చుని వాయించుకో."

నాకు కాఫీ ఇచ్చేవారు. ఆ గ్లాసు కిటికీలో విడిగా ఉండేది. తాగాక నేనే కడిగి అక్కడే బోర్లించాలి. అంటే, ఆ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువును నేను సాయంత్రమంతా ముట్టుకోవచ్చు, స్టీలు గ్లాసులను ముట్టుకోకూడదు. ఈ నియమం ఎవరు ఆలోచించి పెట్టారోగాని, నాకు పియానో కావాలి గనక నోరు మూసుకున్నాను. వృత్తిలో మింగిన వాటిలో ఆ కాఫీ ఒకటి. కాఫీ బాగానే ఉండేది.

ఒకరోజు ఆపి చేతులు దులుపుకుంటుంటే కోటమ్మ గారు, "అప్పుడే ఆపావేం?" అన్నారు.

"మీకు నచ్చిందాండీ?"

"నాకేం తెలుస్తుందే తల్లీ! నువ్వు వాయిస్తున్నంతసేపూ మావాడు ఈ గదిలోకి రాడు. పొలం నీ పేరు మీంచి నా పేరుకు మార్చవే అని ప్రాణం తీస్తున్నాడు. నువ్వు చల్లగా ఉండాలి, ఇంకాసేపు వాయించు."

అసలు సంగతి మిల్లు. వరి కోతలయ్యాయి గనక సాయంత్రాలు కూడా ఆడేది. గోడకు ఆ పక్క ఇంజను 'డబ్బు డబ్బు'మని ఒకటే దరువు. కిటికీ చువ్వలు వణికేవి. తవుడు ఎగిరొచ్చి మెట్ల మీద పడేది, ప్రతి పాటకూ ముందు తుడుచుకోవాలి. మొదటివారం నేను వాయించింది నాకే వినపడలేదు. రెండోవారం కొంచెం వినపడింది. తర్వాత బాగానే వినపడటం మొదలైంది. మిల్లు అలవాటైందనుకుని సంతోషించాను. అలవాటైంది మిల్లు కాదని మద్రాసు వెళ్ళేదాకా తెలియలేదు.

మద్రాసు

ఆ హాలు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఏసీ హాలు. తలుపులు మూశాక రోడ్డు మీద కారు హారను కూడా లోపలికి రాదు. పియానో నల్లగా, నిగనిగలాడుతూ, మూడు కాళ్ళ మీద ఏనుగంత ఉంది. నాలుగో వరసలో ఫ్లారెన్సు టీచరు గారు తెల్ల చీరలో కూర్చున్నారు. మెయిలు బండిలో ఇద్దరం కలిసే వచ్చాం.

రెండు చేతులూ ఎత్తి మొదటి స్వరాలు వేశాను. లారీ టైరు పేలినట్టయింది. ముందు వరసలో ఒకావిడ చేతిసంచి కిందపడింది.

తగ్గిద్దామనుకున్నాను. చేతులు వినలేదు. బుద్ధి తగ్గించమంటుంటే చేతులు ఇంకా గోడకు ఆ పక్క ఇంజనుతో పోట్లాడుతున్నాయి. మధ్యలో జోలపాటలాంటి భాగం వచ్చింది. ఆ జోలకు ఏ బిడ్డా నిద్రపోదు. నడుం దాకా చెమటతో తడిసి, నా పనీ టీచరు గారి పరువూ ఇక్కడితో సరి అనుకుంటూ చివరిదాకా లాక్కొచ్చాను.

ముగించాక హాలంతా లేచి నిలబడింది.

మర్నాటి పేపర్లు చూడాలి! ఆడపిల్లలో ఇంత బలం ఎన్నడూ చూడలేదని ఒకరు. పాత పద్ధతులను బద్దలుకొట్టానని ఒకరు. నా వాయింపులో తుపానుల తీరపు ఆవేశం ఉందని, అది కృష్ణా సముద్రంలో కలిసే చోట పుట్టినవాళ్ళకే వస్తుందని మరొకరు. అది పామర్రులో ధాన్యం ఆడించే చోట పుట్టిందని ఆయనకు ఎవరు చెప్పాలి?

కచేరీ అవ్వగానే టీచరు గారు లోపలికి వచ్చారు. జనం నా చుట్టూ ఉన్నారు. వాళ్ళు పోయేదాకా నిలబడ్డారు.

"ఎవరి మీదే కోపం?" అన్నారు.

"ఎవరి మీదా లేదండీ."

"మరి ఆ పియానో ఏం పాపం చేసిందే?"

మిల్లు సంగతి చెప్పాను. విన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. "అంటే తెలిసి చెయ్యలేదన్నమాట. మంచిది," అన్నారు. తిరుగు ప్రయాణంలో గూడూరు దాకా ఇడ్లీల గురించి మాట్లాడారు. ఆ తర్వాత పడుకున్నారు.

సుప్రసిద్ధి

ఆ తర్వాత బొంబాయి పిలిచింది. కలకత్తా పిలిచింది. కొలంబో కూడా వెళ్ళాను. బెజవాడలో పియానోకు తాళం తీసేశారు. మద్రాసు పేపరు చర్చి నోటీసు బోర్డు మీద అంటించి, 'మన సువార్త' అని కింద రాశారు. శారద మాట ఎవరూ ఎత్తలేదు. కృతజ్ఞతలు చెబుదామని పామర్రు వెళితే, వీరభద్రరావు గారు గేటు దాకా ఎదురొచ్చారు. కాఫీ వెండి గ్లాసులో వచ్చింది. కిటికీ వైపు చూశాను, పాత గ్లాసు కనిపించలేదు. ఫొటో పేపర్లో పడ్డవాళ్ళకు మైల ఉండదు కాబోలు. కోటమ్మ గారు ఒక్కరే మారలేదు. "పొలం రాసిచ్చేశానే తల్లీ. నువ్వు మానేశావు, వాడు మొదలుపెట్టాడు," అన్నారు.

పేరు గురించి కొత్తవాళ్ళకు నా అభిప్రాయం చెబుతాను, వింటారని కాదు. మనం దేనికి పేరు పడతామో అది మన చేతుల్లో ఉండదు. జనం ఒకసారి ఏది మెచ్చుకున్నారో మళ్ళీ మళ్ళీ అదే అడుగుతారు. మిఠాయి కొట్టువాడు వంకాయ కూర ఎంత బాగా వండినా ఎవరూ కొనరు. కలకత్తాలో ఒకసారి నెమ్మదైన పాటలు కొన్ని వేశాను. కచేరీ పెట్టినాయన విరామంలో వచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగి మాత్రలు తెప్పించాడు. ఇంకో ఊళ్ళో వాయిస్తుంటే పియానో తీగ ఠంగుమని తెగింది. నా జన్మలో అంత పెద్ద చప్పట్లు వినలేదు. ఆ తర్వాత కొన్ని ఊళ్ళవాళ్ళు పిలిచేటప్పుడు మొహమాటపడుతూ, "తీగ తెగుతుందాండీ?" అని కూడా అడిగారు.

నాకు సంతోషం లేదని చెబితే అబద్ధం. విమానంలో కిటికీ పక్కన కూర్చుని కొబ్బరిచెట్లు చిన్నవైపోవడం చూసినప్పుడు, ఇదంతా నా చేతులు సంపాదించింది కదా అనుకునేదాన్ని. బెజవాడలో వాయించిన ప్రతిసారీ టీచరు గారికి ముందు వరస కుర్చీ వేయించేదాన్ని. మొదట మోకాళ్ళన్నారు. తర్వాత కళ్ళన్నారు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చునేవారు.

మణికట్టు

ఆ దశకం చివర్లో నా కుడి మణికట్టు వాచింది. డాక్టరు గారు నొక్కి చూసి, "మీరేం పని చేస్తారమ్మా, బట్టలుతుకుతారా?" అన్నారు. పియానో అన్నాను. ఆయన నమ్మలేదు. కొన్నాళ్ళు బలం పెట్టి వాయించొద్దన్నారు.

ఇదే సమయంలో పిచ్చయ్య గారి భార్య పోయారు. ఆయన కొట్టుకు వెళ్ళేవారు, సభకు వచ్చేవారు, కానీ మనిషి సగమయ్యారు. కళ్ళ కింద నల్లగా ఉండేది. ఒకరోజు బడికి వచ్చి, సభ వార్షికోత్సవానికి నేనే వాయించాలన్నారు.

"చెయ్యి బాగాలేదండీ. గట్టిగా వాయించలేను."

"మెల్లగా వాయించండి. ఎట్లా వాయించినా మాకు తెలుస్తుందా ఏంటి?" అన్నారు, ఏ వ్యంగ్యమూ లేకుండా.

అట్లా, ఏ జ్ఞానోదయమూ కాకుండా, ఒట్టి వాపు వల్ల నేను పాత పాఠానికి తిరిగొచ్చాను. పోలండు ఆయన ఒకరు రాసిన చిన్న చిన్న పాటలున్నాయి, ఒక్కొక్కటీ అయిదారు నిమిషాలు, అరిచే పాట ఒక్కటీ లేదు. వాటినే ఎంచుకున్నాను. కొన్ని నెలలు బడి హాల్లో కిటికీలు తెరుచుకుని సాధన చేశాను. మెల్లగా వాయించడానికి ఎంత బలం కావాలో మరిచిపోయాను. మొదట్లో సగం స్వరాలు పలకనే లేదు.

కచేరీకి ముందురోజు గుణదల వెళ్ళాను.

"గట్టివేవీ లేవండీ ఈసారి," అన్నాను.

టీచరు గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. "రిక్షా పంపించు," అన్నారు.

హాలు నిండింది. పిడుగులు పడతాయని వచ్చిన జనం. మొదటి పాట అయ్యేసరికి వెనక నుంచి, "మైకు! మైకు పెట్టండి!" అని కేకలు. మూడో పాటకు కుర్చీలు జరిగిన చప్పుడు. విరామం తర్వాత సగం హాలు ఖాళీ. ముందు వరసలో పిచ్చయ్య గారు గడ్డం గుండెకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతున్నారు. అది చూసి ఒక్క క్షణం చేతులు తడబడ్డాయి. మిగతావాళ్ళు పోతే పోయారు, నన్ను కనిపెట్టిన మనిషి కూడానా!

చివరిదాకా వాయించాను. దండ వెయ్యడానికి సెక్రటరీ గారు లేవలేదు, ఎవరూ లేపలేదు. టీచరు గారు కుర్చీలు పట్టుకుంటూ మెల్లగా నా దగ్గరికి వచ్చారు. నా వాచిన చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు.

"బాగుందే," అన్నారు. చెయ్యి వదులుతూ, "ఇక నీకు కచేరీలు రావు," అన్నారు.

రెండూ నిజమే. ఆ రెండో మాట పట్టించుకోలేనంతగా మొదటిది నన్ను పట్టేసింది.

మర్నాడు పొద్దున్నే పిచ్చయ్య గారు మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడిపోయారు. క్షమాపణకు వచ్చారనుకున్నాను. పర్వాలేదండీ అని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"కూర్చోండి."

"కూర్చోనమ్మా. ఒక మాట అడిగి పోతాను. మా ఆవిడ పోయినకాడ్నించీ నాకు నిద్ర లేదు. మాత్రలేసుకున్నా పట్టదు. ఆ ఇంట్లో గడియారం చప్పుడు కూడా భరించలేకపోతున్నా. నిన్న మీరు వాయిస్తుంటే నాకు తెలియకుండానే పడిపోయానమ్మా. హాలు ఊడ్చేవాళ్ళు లేపితే లేచాను." ఆయన కండువా సర్దుకున్నారు. "మళ్ళీ ఎప్పుడు వాయిస్తారు?"

సిద్ధం చేసుకున్న మాట పక్కన పెట్టి, గోడ మీది క్యాలెండరు చూశాను.

టీచరు గారు అన్నట్టే బొంబాయి మళ్ళీ పిలవలేదు, కలకత్తా మరిచిపోయింది. కొత్తగా ఎవరో తీగలు తెంపే కుర్రాడు దొరికాడని విన్నాను. నేను రిటైరయ్యేదాకా బడిలో పిల్లలకు నేర్పుకున్నాను.

ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ పిచ్చయ్య గారితో మాత్రం, వచ్చే శనివారం సాయంత్రం బడి హాల్లో వాయిస్తానని చెప్పాను. నోటీసు వెయ్యలేదు, ముఖ్య అతిథి లేరు. ఆయన చెప్పిన సమయానికన్నా ముందే వచ్చి, మూడో వరసలో గోడవైపు బల్ల చూసుకున్నారు. చెప్పులు కింద విడిచి, కండువా నాలుగు మడతలు వేసి తల కింద పెట్టుకున్నారు. "ఇక కానివ్వండమ్మా," అన్నారు.

నేను మెల్లగా మొదలుపెట్టాను.